బండి లేకపోతే బర్గర్ లేదు

మిస్సోరీ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరు. మంగళవారం రాత్రి 11 గంటల 20 నిమిషాలు. నేనూ మా నాన్నా ఒక మెనూ బోర్డు ముందు నిలబడి దానితో మాట్లాడుతున్నాం. అది మాత్రం మాతో మాట్లాడట్లేదు.

"హలో" అన్నాను. "ఎక్స్‌క్యూజ్ మీ" అన్నాను. నాన్న ముందుకొచ్చి, ఒంగోలు బస్టాండులో అనౌన్స్‌మెంట్ చెప్పినంత గట్టిగా "హలో సార్!" అన్నారు. స్పీకర్లోంచి గాలి శబ్దం కూడా రాలేదు. బోర్డు మీద బర్గర్ బొమ్మ మాత్రం మిలమిలా మెరిసిపోతోంది.

అసలు అక్కడిదాకా ఎలా వచ్చామో చెప్తాను.

మా నాన్న ఆర్టీసీలో డ్రైవర్. ముప్పై ఏళ్లకు పైగా స్టీరింగ్ పట్టి రిటైరయ్యారు. ఎక్కువ కాలం చేసింది ఒంగోలు-హైదరాబాద్ నైట్ సర్వీసు. అద్దంకి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి... ఆ రూట్లో గుంతలు కూడా ఆయనకు పేరుపేరునా తెలుసు. పోయిన మే నెలలో డల్లాస్‌లో ఉన్న నా దగ్గరికి వచ్చినప్పుడు, ఏం చూస్తావు నాన్నా అని అడిగితే నయాగరా అనలేదు, డిస్నీ అనలేదు. "పెద్ద రోడ్డు చూపియ్యమ్మా, ముందు సీట్లో కూర్చుంటా" అన్నారు. సరే, షికాగోలో నా ఫ్రెండ్ ఉంది, కార్లోనే వెళ్దాం, రాత్రికి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆగుదాం అనుకున్నాం. నాలుగు రోజులు లీవు పెట్టేశాను.

ఓక్లహోమాలో వినీటా అనే చిన్న ఊరి దగ్గర హైవే మీదుగా, అటు ఒడ్డు నుంచి ఇటు ఒడ్డుకు వంతెనలా కట్టిన ఒక బిల్డింగ్ ఉంది. లోపల మెక్‌డొనాల్డ్స్. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద మెక్‌డొనాల్డ్స్ అదే అనేవాళ్లు. అద్దాల దగ్గర కూర్చుంటే కింద నుంచి లారీలు దూసుకుపోతుంటాయి. నాన్న అక్కడ ముప్పావుగంట కూర్చున్నారు. తిన్నది నాలుగు ఫ్రైస్. చూసింది నాలుగు వందల లారీలు.

అక్కడ బయల్దేరినప్పటి నుంచే ఆయన అంటున్నారు, "బెల్టు కూస్తంది, వినపడతందా?" అని. నేను పాట సౌండు పెంచాను. బీటెక్‌లో ఈసీఈ చదివి, సాఫ్ట్‌వేర్‌లో చేరిన నాకు కారంటే పెట్రోలు పోస్తే నడిచే ఫోన్ లాంటిది. మౌంట్ వెర్నన్ దాటుతుండగా రబ్బరు కాలిన వాసన, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర బ్యాటరీ గుర్తు, స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోవడం... అన్నీ ఒకేసారి వచ్చాయి. నాన్న ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

టో ట్రక్ వచ్చేసరికి రాత్రి 9 అయింది. కారును స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మూసేసి ఉన్న ఒక షెడ్డు ముందు దింపి, తాళం తలుపుకున్న పెట్టెలో వేయించి, మమ్మల్ని గ్లెన్‌స్టోన్ ఎవెన్యూలో ఒక మోటల్ దగ్గర వదిలి వెళ్లిపోయాడు ట్రక్ అతను. హైవే పక్కన ఉండే రోడ్డు అది. వరసగా మోటళ్లు, పెట్రోలు బంకులు, తిండి బోర్డులు. అన్నీ కార్లో వెళ్లేవాళ్లకు కనిపించేంత పెద్ద అక్షరాలు. నడిచేవాళ్లకు మాత్రం ఫుట్‌పాత్ కొంచెం దూరం ఉంటుంది, తర్వాత ఎందుకో గడ్డిలోకి కలిసిపోతుంది.

గదిలోకి వెళ్లగానే నాన్న షుగర్ మాత్ర వేసుకున్నారు. "ఎదురుగానే హోటలుంది, పది నిమిషాల్లో తిందాం" అని చెప్పింది నేనే. ఆ మాత్ర వేసుకుని తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. ఇంట్లో షుగర్ పేషెంట్ ఉన్నవాళ్లకు ఈ లెక్క చెప్పక్కర్లేదు.

రోడ్డు దాటి వెళ్తే తలుపు తాళం. డైనింగ్ హాలు 10 గంటలకే మూసేశారట. కానీ లోపల లైట్లున్నాయి, మనుషులున్నారు, పక్క సందులో కార్లు వరసగా కదులుతున్నాయి. డ్రైవ్ త్రూ రాత్రి 1 దాకా ఉంటుందని తలుపు మీదే రాసి ఉంది.

తలుపు మూసి ఉంటే ఏముంది, కిటికీ తెరిచే ఉందిగా. మనం బండి దగ్గర ఇడ్లీ తినే జాతి. కిటికీ అంటే మనకు కౌంటరే కదా! అలా వెళ్లి నిలబడ్డాం మెనూ బోర్డు ముందు.

స్పీకర్ ఎందుకు పలకలేదో నాకు కాసేపటికి అర్థమైంది. కింద చూశాను. కాంక్రీటులో మంచమంత నలుపు గీతల చతురస్రం. రోడ్డును సన్నగా కోసి, అందులో తీగ చుట్టలు పెట్టి, పైన నల్లటి రబ్బరు లాంటిది పోస్తారు. తీగలో చిన్న కరెంటు పోతుంటుంది. పైకి పెద్ద లోహపు వస్తువు వస్తే ఇండక్టెన్స్ మారుతుంది. అది మారగానే లోపల పనిచేసేవాళ్ల హెడ్‌సెట్‌లో టింగ్ మంటుంది, ఆ కారు ఎన్ని సెకన్లలో కదలాలో లెక్కపెట్టే టైమర్ మొదలవుతుంది. సెకండియర్ ల్యాబ్‌లో చేసిన ప్రయోగం, మార్కులు కూడా బాగానే వచ్చాయి. మనిషిలో లోహం లేదు కాబట్టి మేం అక్కడ గంట నిలబడినా లోపల ఎవరికీ తెలియదు.

ఇదంతా నాన్నకు చెప్పాను. ఆయన కాసేపు ఆ గీతల వైపు చూసి, "మోటల్లో సామాన్ల ట్రాలీ ఉందిగా, ఇనపది. తోసుకొద్దామా?" అన్నారు.

నవ్వొచ్చింది. కానీ నిజం చెప్తున్నా, ఒక అరనిమిషం సీరియస్‌గానే ఆలోచించాను. ట్రాలీ గీత మీద నుంచి ఎంత ఎత్తులో ఉంటుంది, కింద చట్రం ఎంత వెడల్పు అని.

చివరికి కిటికీ దగ్గరికే నడిచాం. కారు సీటు ఎత్తుకు సరిపోయేలా ఉంటుందది, మనం నిలబడితే కాస్త వంగి చూడాలి. లోపల పంతొమ్మిదేళ్లుంటాయేమో, ఒక అమ్మాయి. అద్దం సగం తెరిచి చాలా మర్యాదగా చెప్పింది: నడిచి వచ్చినవాళ్లకు ఇక్కడ ఇవ్వకూడదు. వాహనం ఉండాలి. మా నాన్నకు షుగర్ అని చెప్పాను. డబ్బు కార్డు ఇప్పుడే ఇస్తానన్నాను. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. పైన కెమెరా వైపు కళ్లతో చూపించి "నా ఉద్యోగం పోతుంది" అంది. మా వెనకాల ఒక పికప్ ట్రక్ వచ్చి ఆగింది. దాని హెడ్‌లైట్లలో మా ఇద్దరి నీడలూ గోడ మీద ఇంత పొడుగున పడ్డాయి. అప్పుడు తెలిసింది నాకు, ఈ సందు నిజంగానే మనిషి నిలబడే చోటు కాదని.

నేను ఇంకో మాట అనబోతే నాన్న చెయ్యి పట్టుకుని పక్కకు తీశారు. "ఆ పిల్లని ఏమనబాకమ్మా."

ఆయన చేతులు కొద్దిగా వణుకుతున్నాయి.

మోటల్‌కు పరిగెత్తి వెండింగ్ మెషీన్‌లో కోక్ తెచ్చాను. సగం డబ్బా తాగాక చెమటలు తగ్గాయి. కానీ తీపి నీళ్లతో రాత్రి గడవదు, పైన ఏదో ఒకటి కడుపులో పడాలి. సూట్‌కేసులో అమ్మ పెట్టిన బిస్కెట్లన్నీ తుల్సా రాకముందే అయిపోయాయి (తిన్నది నేనే). రిసెప్షన్ అతన్ని అడిగితే రాత్రంతా తెరిచి ఉండే బంకు మైలున్నర దూరం, హైవే వంతెన దాటాలి అన్నాడు. నాన్న మోకాలు గురించి అతనికి తెలియదు.

ఇక మిగిలింది ఫోన్. డెలివరీ యాప్ తెరిచాను. అదే రెస్టారెంట్, అదే కిటికీ, ఇక్కడి నుంచి కనిపిస్తోంది. ఆర్డర్ పెట్టేముందు నాన్న గుర్తు చేశారు: మంగళవారం, ఆంజనేయస్వామి, మాంసం వద్దు. సరే, పట్టీ లేని చీజ్ బర్గర్లు రెండు, ఫ్రైస్ రెండు, పాలు ఒకటి. తిండి 11 డాలర్లు. సర్వీస్ ఫీజు, డెలివరీ ఫీజు, టిప్ అన్నీ కలిపి 24 డాలర్లు. "మీ ఆర్డర్ 35 నిమిషాల్లో." దూరం చూపించింది: 0.1 మైలు.

మోటల్ బయట మెట్ల మీద కూర్చుని ఎదురుగా ఉన్న సందునే చూస్తున్నాం. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనంతట తనే మొదలుపెట్టారు.

ఒకప్పుడు పిడుగురాళ్ల ఇవతల స్టాప్ లేని చోట బండి ఆపారట. వాన. చంటిపిల్లతో ఉన్న ఆడమనిషి. ఎక్కించుకున్నారు. వెనకే స్క్వాడ్ జీపు వచ్చింది. మెమో ఇచ్చారు. ఎక్స్‌ప్రెస్ సర్వీసు, స్టాపులు తప్ప ఆపకూడదు, రూల్ రూలే. ఆ తర్వాత నెల, దాదాపు అదే చోట, మళ్లీ రాత్రి, ఒక ముసలాయన రోడ్డు మధ్యదాకా వచ్చి చెయ్యి ఎత్తాడు.

"ఆపలా" అన్నారు నాన్న. "అద్దంలో చూస్తానే ఉన్నా. చెయ్యి దించలేదాయన, చాలా దూరం."

ఈ సంగతి ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా తెలియదట.

రాత్రి 12 గంటల 14 నిమిషాలకు ఒక పాత సెడాన్ వచ్చింది. మా ఎదురుగానే ఆ సందులోకి తిరిగి, నాలుగు కార్ల వెనక నిలబడి, గీతల మీదకు ఎక్కి, ఆర్డర్ నెంబర్ చెప్పి, కిటికీలో కవర్ అందుకుని, రోడ్డు దాటి మా ముందు ఆగింది. కారతను యాప్‌లో దూరం చూసి తప్పేమో అనుకున్నాడట. మెట్ల మీద మమ్మల్ని, ఎదురుగా కిటికీని మార్చి మార్చి చూసి విషయం అర్థమయ్యాక తల పట్టుకుని నవ్వాడు. మాకూ నవ్వొచ్చింది. అతను వెళ్లాక నాన్న బర్గర్ విప్పి, లోపల చీజ్ తప్ప ఏమీ లేకపోవడం చూసి, టైమ్ అడిగారు. చెప్పాను.

"పన్నెండు దాటిందిగా. బుధవారమే. చికెన్ చెప్పి ఉండాల్సింది."

ఆయన తిని పడుకున్నాక నాకు నిద్ర పట్టలేదు. కోపంగా ఉన్నప్పుడు మా జాతి చేసే పనే చేశాను, సెర్చ్ చేశాను.

మొదట తెలిసింది ఏంటంటే, నడిచి వచ్చేవాళ్లకు అమ్మకూడదని అమెరికా అంతటికీ చట్టమేమీ లేదు. ఎక్కువ చోట్ల ఇది రెస్టారెంట్ కంపెనీ పెట్టుకున్న రూలు. కార్ల మధ్య మనిషి నిలబడితే ప్రమాదం, గుద్దితే కేసు వీళ్ల మీదకే వస్తుంది, పైగా అర్ధరాత్రి కిటికీ దగ్గరికి నడిచి వచ్చేవాడు దొంగ కావచ్చు అనే భయం. సైకిల్ మీద వచ్చినా చాలా చోట్ల ఇదే మాట. ఆ పికప్ హెడ్‌లైట్లు మీద పడ్డప్పుడు మొదటి కారణం నాకు బాగానే అర్థమైంది. రెండోదే మింగుడుపడలేదు. దొంగకు కారు ఉండదా?

2016లో లూసియానాకు చెందిన ఒక చూపులేని వ్యక్తి దీని మీద షికాగోలోని ఫెడరల్ కోర్టుకు వెళ్లాడు. రాత్రిపూట డ్రైవ్ త్రూ మాత్రమే తెరిచి ఉంచితే, డ్రైవింగ్ ఎప్పటికీ చేయలేని నాలాంటివాళ్లు ఏం కొనుక్కోవాలి అన్నది అతని ప్రశ్న. మెక్‌డొనాల్డ్స్ మీద వేసిన కేసు అది. చదువుతూ లేచి కూర్చున్నాను. మాకు ఒక్క రాత్రి కారు లేదు, అంతే. 2020లో కొవిడ్ వచ్చి డైనింగ్ హాళ్లన్నీ మూసేసి కిటికీలు మాత్రమే మిగిలినప్పుడు, కారు లేని ఎంతమందికి ఇదే జరిగి ఉంటుందో.

అలాగని అన్ని ఊళ్లూ ఒకేలా లేవు. ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ ప్రాంతంలో 2009లో సైకిల్ మీద వెళ్లిన ఒక తల్లికి ఇలాగే లేదన్నారు. గొడవ అయ్యాక ఆ లోకల్ బర్గర్ చెయిన్ సైకిళ్లను డ్రైవ్ త్రూలోకి రానిచ్చింది. మినియాపోలిస్ అయితే 2019లో కొత్త డ్రైవ్ త్రూలే కట్టకూడదని తేల్చేసింది. డచ్ బ్రోస్ లాంటి కాఫీ చెయిన్లు కార్ల కిటికీతో పాటు నడిచి వచ్చేవాళ్లకు వేరే కిటికీ పెడతాయి. అంటే కుదరని పనేమీ కాదు. గోడకు ఇంకో కన్నం, అంతేగా.

ఇంకో సంగతి చూసి మాత్రం గట్టిగా నవ్వేశాను, నాన్న అటు తిరిగి పడుకున్నారు. ఈ డ్రైవ్ త్రూ పుట్టిందే ఈ ఊళ్లోనట!

పొద్దున్నే షెడ్డుకు ఫోన్ చేస్తే బెల్టు మార్చడానికి 11 అవుతుందన్నారు. టాక్సీ మాట్లాడుకుని కాలేజ్ స్ట్రీట్‌లో ఉన్న రూట్ 66 పార్కుకు వెళ్లాం. పార్కు అంటే పెద్దగా ఊహించుకోకండి, రోడ్డు పక్కన కాస్త గడ్డి, కొన్ని బోర్డులు. షికాగో నుంచి లాస్ ఏంజెలెస్ దాకా వెళ్లే ఆ పాత రోడ్డుకు 66 అనే నెంబరు అడుగుతూ 1926 ఏప్రిల్ 30న టెలిగ్రాం వెళ్లింది ఈ ఊరి నుంచే. అందుకే రూట్ 66 పుట్టిల్లు మాదే అంటారు వీళ్లు.

అక్కడే నిలువుగా 'హాంబర్గ్', అడ్డంగా 'జెయింట్' అని శిలువ ఆకారంలో ఒక బోర్డు ఉంది. అసలుది కాదు, దాని నమూనా. రెడ్ చేనీ అనే ఆయన, భార్య జూలియా కలిసి 1947లో ఈ ఊళ్లో రూట్ 66 మీద బర్గర్ల కొట్టు పెట్టారు. కారు దిగకుండా కిటికీలో కొనుక్కోవచ్చు. బోర్డు చేయించాక చూస్తే అది మరీ ఎత్తై పైనున్న తీగలకు తగిలేలా ఉందట. కింద నుంచి కోసేశారు. అలా 'హాంబర్గర్' కాస్తా 'హాంబర్గ్' అయింది. 1984 దాకా నడిపారు.

మొదటిది ఇదేనా అంటే గొడవలున్నాయి. కాలిఫోర్నియాలో 1948లో మొదలైన ఇన్ ఎన్ అవుట్ వాళ్లు రెండు వైపులా మాట్లాడుకునే స్పీకర్ పెట్టారు కాబట్టి మాదే అసలైనది అంటారు. మా డల్లాస్‌కు ఇంకా పాత లెక్క ఉంది. 1921లోనే పిగ్ స్టాండ్ అనే కొట్టు దగ్గర కుర్రాళ్లు పరిగెత్తుకొచ్చి కదులుతున్న కారు పక్క మెట్టు మీదకు ఎగిరి ఎక్కి ఆర్డర్ తీసుకునేవాళ్లు. మన బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీకి వేలాడే పల్లీల కుర్రాళ్లు లేరూ, అచ్చం అలాగే.

నాన్నకు బాగా నచ్చింది మాత్రం అరిజోనా కథ. మెక్‌డొనాల్డ్స్ మొదటి డ్రైవ్ త్రూ 1975లో సియెరా విస్టా అనే ఊళ్లో వచ్చింది. పక్కనే మిలిటరీ బేస్. డ్యూటీ దుస్తుల్లో ఉన్న సైనికులు బయట కారు దిగకూడదని రూలు. దిగకపోతే బర్గర్ లేదు. వ్యాపారం పోతోందని గోడకు కన్నం కొట్టి కిటికీ పెట్టారు.

"అంటే దిగకూడదనే రూలు కోసం పుట్టిందన్నమాట" అన్నారు నాన్న.

"అవును."

"మనం దిగినోళ్లం." బోర్డు పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు. అమ్మకు పంపి, కింద ఏదో వాయిస్ మెసేజ్ పెట్టారు. దూరంగా వెళ్లి పెట్టారు కాబట్టి ఏం చెప్పారో నాకు వినపడలేదు.

11:30కి కారు చేతికొచ్చింది. నాన్న బానెట్ ఎత్తించి, బెల్టును వేలితో నొక్కి చూసుకుని, మెకానిక్‌కు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. హైవే ఎక్కాలంటే మళ్లీ గ్లెన్‌స్టోన్ మీదుగానే పోవాలి. రాత్రి మమ్మల్ని పంపేసిన చోటు పగటిపూట మామూలుగా, ఏ పాపం ఎరగనట్టు ఉంది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల జనం కూర్చుని తింటున్నారు.

"లోపలికెళ్లి కాఫీ తాగుదామా నాన్నా?"

"వద్దు. ఆ సందులోకే పోనీ."

పోనిచ్చాను. ముందు చక్రాలు నల్ల గీతలు దాటాయో లేదో, స్పీకర్లోంచి ఒక ఆడగొంతు ఉత్సాహంగా గుడ్ మార్నింగ్ చెప్పి ఏం కావాలంది. నేను నోరు తెరిచేలోపే నాన్న సీట్ బెల్టు లాక్కుంటూ నా మీదుగా కిటికీ వైపు వంగారు.

"వన్ కాఫీ. నో షుగర్" అని చెప్పి, తల బయట పెట్టి కిందకు, ఆ గీతల వైపు చూశారు.